మా పెరటి బావి మీద జాజు గీతలు

బావిలో నీళ్లు ఎన్ని మూరలున్నాయో కొలవడం నాకు పన్నెండేళ్లకే వచ్చు. తాడు చివర రాయి కట్టి, మూరకో ముడి వేసి, రాయి అడుగుకి తగిలేదాకా వదలాలి. తగిలిన సంగతి చేతికి తెలుస్తుంది. తర్వాత పైకి లాగి, తడిసిన ముడులు లెక్కపెట్టుకోవాలి. ఇంతే పని. ఈపాటి పని నేర్చుకున్నందుకే ఆ వేసవంతా జగ్గయ్యపేట వీధుల్లో నేను పెద్ద ఆరిందాలా తల ఎగరేసుకుని తిరిగాను.

స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి వేసవి అది. గరికపాడు దాటితే నైజాం. అక్కడి గొడవలకి తట్టుకోలేక జనం బండ్లు కట్టుకుని, బండ్లు లేనివాళ్లు మూటలు నెత్తిన పెట్టుకుని మా ఊరికి వచ్చిపడ్డారు. సత్రాలు నిండాయి, ధాన్యం కొట్లు నిండాయి, చివరికి మా స్కూలు కూడా నిండింది. పిల్లల సెలవులకి ముందే బెంచీలన్నీ ఒక గదిలోకి నెట్టేసి, మిగిలిన గదుల్లో పొయ్యిలు పెట్టారు. మేం లెక్కలు చెప్పించుకున్న గదిలో ఒకావిడ ప్రసవించింది.

మా హెడ్మాస్టరు మంచివాడే గానీ నోరు తిన్నగా ఉండేది కాదు. పై తరగతుల వాళ్లందరినీ చింతచెట్టు కింద నిలబెట్టి, "సెలవులంటే మామిడికాయల మీద రాళ్లేసుకుంటూ తిరగడం అనుకుంటున్నారేమో. ఇన్నాళ్లూ ఊరు మిమ్మల్ని మేపింది. ఇప్పుడు మీరు ఊరికేం చేస్తారో చూస్తాను," అన్నాడు. మగపిల్లల్లో కొందరిని గంజి కేంద్రానికి, కొందరిని మరుగుదొడ్ల కందకాలు తవ్వడానికి పంపాడు. ప్రతివాళ్లూ అవతలి నుంచి వచ్చినవాళ్లలో ఒకరికి అక్షరాలు నేర్పాలన్నాడు. స్కూలు మొత్తానికి ఉన్న ఆడపిల్లలం ఐదుగురం. మాకు బావులు అప్పగించాడు.

బావులు మాకే ఎందుకంటే, మా ఊళ్లో చాలా ఇళ్లకి బావి పెరట్లో ఉంటుంది. పరాయి మగపిల్లాడు వంటింటి పక్క నుంచి పెరట్లోకి వెళ్తానంటే ఏ ఇల్లాలూ ఒప్పుకోదు. ఆడపిల్లలైతే చెప్పులు గుమ్మం బయట విప్పి, ఎవరింటి పిల్లవో అడిగించుకుని, చెప్పి, లోపలికి పోవచ్చు. మా నాన్న మిరపకాయల వ్యాపారి, ఖద్దరు కట్టేవాడు, నలుగురిలో మంచివాడనిపించుకోవడం ఆయనకి ఇష్టం. అందుకని అడగ్గానే ఒప్పుకున్నాడు. "మా అమ్మాయి ఊరి సేవ చేస్తోంది," అని దుకాణానికి వచ్చిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఆ మాట నేను లోపల నుంచి వింటూ ఉండేదాన్ని. వినడం కోసమే అక్కడ నిలబడేదాన్నని ఇప్పుడు ఒప్పుకుంటే పోయేదేముంది.

పని నేర్పింది నందిగామ నుంచి వచ్చే హెల్తు ఇన్‌స్పెక్టరు. బొగ్గుతో నడిచే బస్సులో వచ్చేవాడు కనక ఆయన తెల్ల చొక్కా ఎప్పుడూ మసిచుక్కలతో ఉండేది. కొలత నేర్పాడు. ఎన్ని మూరల నీళ్లుంటే అన్ని చెంచాల మందు అన్నాడు. ఆ మందు ఊదారంగు పలుకుల్లా ఉంటుంది, పేరు పర్మాంగనేటు. జనానికి అది ఎర్రమందు. బాల్చీ నీళ్లలో కరిగించి, సాయంత్రం అందరూ నీళ్లు తోడుకున్నాక బావిలో దించి, బాల్చీని నాలుగుసార్లు పైకీ కిందికీ ఆడించాలి. తెల్లారేదాకా ఎవరూ తోడకూడదు. తెల్లారాక చెంబులో నీళ్లు లేతగులాబీ రంగులో ఉంటే మందు సరిపోయినట్టు. ఒకటి రెండు రోజుల్లో ఆ రంగు పోతుంది. నాలుగోరోజు మళ్లీ వెయ్యాలి.

"వేసినప్పుడల్లా బావి గట్టు మీద ఎర్ర జాజుమట్టితో ఒక గీత గియ్యండి. నేనొచ్చి గీతలు చూసుకుంటా. ప్రతి బావిలోకీ నేను తొంగిచూడలేను కదా, మీ గీతే నాకు సాక్ష్యం," అన్నాడు. మేం ఐదుగురం తలలూపాం.

నా తాడు మోసేందుకు ఒక పిల్ల తోడు కుదిరింది. కోదాడ వైపు పల్లెటూరి పిల్ల. నా ఈడుదే, కానీ నాకంటే జానెడు పొడుగు. కాపుదనం చేసుకునే ఇంటి పిల్ల. తల్లీ తనూ మా ఇంటి వెనక బండ్ల కొట్టంలో ఉండేవాళ్లు. తండ్రి పశువుల్నీ చేనునీ వదల్లేక అక్కడే ఉండిపోయాడు, ఆయన ఉన్నాడో లేడో కబురు లేదు. ఆ తల్లికి కడుపున నిలిచింది ఈ ఒక్క పిల్లే. కొట్టంలో ఆవిడ ఏ పని చేస్తున్నా ఒక కన్ను ఈ పిల్ల మీదే ఉండేది.

అక్షరాలు నేర్పడానికి నేను ఆ పిల్లనే ఎంచుకున్నాను. బావి గట్టు మీద గీత గీశాక మిగిలిన జాజుతో రాళ్ల మీద అక్షరాలు రాయించేదాన్ని. అది వారంలో తన పేరు రాసేసింది. నేను మాత్రం దాని దగ్గర బరువైన బాల్చీని నడుం పట్టేయకుండా లాగడం నేర్చుకున్నాను. ఎవరు ఎవరికి ఎక్కువ నేర్పారంటే చెప్పలేను.

ఏ ఇంట్లోనైనా ఇల్లాలు మందు వద్దని గొడవ పెట్టుకుంటే నాకు కోపం నషాళానికంటేది. అది మాత్రం నవ్వేది. "నీళ్లు ఎర్రగైతే ఏమైతదమ్మా? పురుగు చస్తది గదా. రెండు దినాలు కళ్లు మూసుకొని తాగుండ్రి," అని చెప్పేది. నా చదువుకన్నా దాని నవ్వుకే ఎక్కువ తలుపులు తెరుచుకునేవి.

తెరుచుకోని తలుపు ఒక్కటే. అది మా ఇంటిదే.

మా నాయనమ్మ చిన్నతనంలోనే భర్తని పోగొట్టుకున్న మనిషి. మడి ఆమెకి ఊపిరి. తడిబట్టతో తనే నీళ్లు తోడుకునేది, తనే వండుకునేది. ఆ నీళ్ల బిందె మీద మా నీడ పడినా మళ్లీ తోడుకునేది. అంత కటువుగా ఉండే మనిషి ఏటా ఉగాది వెళ్లగానే మా దుకాణం అరుగు మీద చలివేంద్రం పెట్టేది. ఇసుక పోసి, కొత్త కుండలు వరసగా పెట్టి, మా పెరటి బావి నీళ్లు నింపి, వట్టివేళ్లు వేసి, తొలకరి పడేదాకా వచ్చేపోయే వాళ్ల దోసిళ్లలో చెంబుతో నీళ్లు పోయించేది. తాతయ్య పేరు మీద అది ఆమె చేసుకునే పుణ్యం. ఆ ఏడు చలివేంద్రం దగ్గర జనం తీర్థంలా ఉండేవారు. మా సందులోనూ కొట్టాల్లోనూ దిగినవాళ్లందరికీ తాగేనీళ్లు అవే.

మొదటిసారి మా బావిలో నేను సక్రమంగానే మందు వేశాను. పొద్దున్నే నాయనమ్మ చేద పైకి లాగి, నీళ్లు చూసి, చేద అక్కడే వదిలేసింది.

"ఏవిటే ఇది? ఈ నీళ్లతో దేవుడికి అభిషేకం ఎట్లా చేసేది? దాహమని చెయ్యి చాపినవాడి దోసిట్లో ఈ నెత్తురునీళ్లు ఎట్లా పోసేది?"

"మందు నాయనమ్మా. జబ్బు రాకుండా వేస్తారు. రేపటికి రంగు పోతుంది."

"నిన్నేం అన్లేదులే. నీ చదువు నీది, నా మడి నాది," అంది.

అని, నీళ్లు మానేసింది. వంట మానేసింది. మే నెల ఎండల్లో రెండు రోజులు చుక్క నీళ్లు గొంతులో పొయ్యలేదు. మా నాన్న బతిమాలాడు, మా అమ్మ ఏడ్చింది. "మిమ్మల్ని మానమన్నానా? మీరు తాగండి," అనేది తప్ప మెత్తబడలేదు. రెండో రోజు సాయంత్రానికి ఆమె పెదాలు పగిలాయి. లేవబోయి, గిలక స్తంభం పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ముసలి ప్రాణం నా చేతుల్లో పోతుందని భయపడ్డాను. మూడోరోజు రంగు పోయాక లేచి స్నానం చేసి, నీళ్లు తోడుకుని తాగింది. ఆమె తాగుతుంటే గొంతు కదలడం చూస్తూ నేను తలుపు వెనక నిలబడి ఏడ్చాను.

నాలుగోరోజు మళ్లీ మా బావి వంతు వచ్చింది. మడి బావి కాబట్టి ఆ పిల్ల లోపలికి రాదు, కొట్టం గుమ్మంలో కూర్చుని జాజు నూరుతోంది. నేను బాల్చీలో ఉత్త నీళ్లు పోసి బావిలో దించాను. నాలుగుసార్లు ఆడించాను కూడా. ఎవరు చూస్తున్నారని ఆ నాటకం? తర్వాత ఆ పిల్ల నూరిన జాజు తీసుకుని మొదటి గీత పక్కన రెండో గీత గీశాను.

"అయిపోయిందా?" అంది.

"అయింది," అన్నాను.

నాయనమ్మ ప్రాణం కాపాడాననుకున్నాను. ఊరందరి ఇళ్లలో ముసలమ్మల మీద కోప్పడి మందు పోసినదాన్ని, మా ఇంటి ముసలమ్మ దగ్గరికి వచ్చేసరికి నా చదువు ఎటుపోయిందో. నాలుగు రోజుల తర్వాత మూడో గీత, ఆపైన నాలుగో గీత. మొదటి అబద్ధం ఒక్కటే కష్టమైంది, తర్వాతవి అలవాటుగా గీసేశాను.

జబ్బు ముందు మా వెనక కొట్టంలోనే మొదలైంది. అక్కడ దిగిన ఇంకో కుటుంబంలోని ముసలాయనకి వాంతులూ భేదులూ పట్టుకున్నాయి. ఆయన బట్టలు మా పెరటి గోడకి అవతల ఉతికేవారు. ఆ నీళ్లు పోయే దారిలేక గోడ పునాదిలోకి ఇంకిపోయేవి. గోడకి ఇవతల పది అడుగుల్లో మా బావి. అది నేను రోజూ చూశాను. ఇన్‌స్పెక్టరు మాకు నేర్పిన మొదటి పాఠమే బావి చుట్టుపక్కల ఏం ఇంకుతోందో చూడమని. కళ్లు చూశాయి, బుర్రకి మాత్రం ఎక్కించుకోలేదు.

మూడు రోజుల్లో మా సందులో ఐదారుగురు పడ్డారు. అవతలివాళ్లు దాన్ని గత్తర అనేవారు, మావాళ్లు పేరెత్తకుండా 'ఆ జబ్బు' అనేవారు. ఇన్‌స్పెక్టరు ఉన్నపళంగా నందిగామ నుంచి దిగాడు. పొద్దున పదింటప్పుడు మా చలివేంద్రం ముందు నిలబడ్డాడు. పక్కన మా నాన్న, హెడ్మాస్టరు, నేను.

"ఈ సందువాళ్లందరూ ఏ నీళ్లు తాగుతున్నారు?" అన్నాడు.

"మా నీళ్లే నాయనా," అంది నాయనమ్మ గుమ్మంలోంచి. ఆ గొంతులో గర్వం నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఆయన మొహం మారింది. "ఏ బావివండీ? చూడాలి," అన్నాడు. నాయనమ్మ కాస్త గునిసి, పెరటి గుమ్మందాకా రానిచ్చింది. ఆయన అక్కడి నుంచే మెడ చాచి బావి గట్టు చూశాడు. ఎర్రగా, నిటారుగా, ఒకదాని పక్కన ఒకటి నాలుగు గీతలు.

"నువ్వేనా అమ్మా వేసింది?"

నేను తలూపాను.

"ప్రతి నాలుగోరోజూ?"

మళ్లీ తలూపాను. నా వెనక మా నాన్న సంతోషంగా దగ్గాడు. నోరు తెరిస్తే చాలు. 'లేదండీ' అన్న ఒక్క ముక్క. అది అనలేదు. స్కూల్లోంచి తీసేస్తారని భయం, నాన్న తల దించుకుంటాడని భయం, నాయనమ్మ మళ్లీ నీళ్లు మానేస్తుందని భయం. ఇవన్నీ ఇప్పుడు విడివిడిగా చెబుతున్నాను. అప్పుడు అన్నీ కలిసి ఒకే భయం.

"అయితే ఈ బావి మీద అనుమానం లేదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "పాలేటి ఇసుకలో తవ్విన చెలమల దగ్గరికి పోతున్నారు వీళ్లు. అక్కడే అంటుకుంది. ఈరోజే ఆ చెలమలు పూడ్పించండి. ఈ సందువాళ్లని ఈ నీళ్లు తప్ప ఇంకే నీళ్లూ తాగొద్దని గట్టిగా చెప్పండి."

మధ్యాహ్నానికి తప్పెటవాడు ఆ మాట సందు సందునా చాటాడు. ఆ పిల్ల తల్లి రెండు బిందెలు తీసుకుని మా చలివేంద్రం దగ్గరికి వచ్చింది.

ఆ సాయంత్రం నేను మందు వెయ్యకపోలేదు. వేశాను. మా బావిలో ఏడు మూరల నీళ్లుంటే ఒక్క చెంచా వేశాను. ఏడు చెంచాలూ వేస్తే పొద్దున్నే చలివేంద్రం కుండలన్నీ గులాబీ రంగుకి తిరుగుతాయి, మరి ఇన్నాళ్లూ తిరగలేదేమని ఎవరైనా అడుగుతారు. అందుకని రంగు తేలనంతే వేశాను. పన్నెండేళ్ల పిల్లకి ఇంత తెలివి ఎక్కడి నుంచి వచ్చిందో! కొలత బాగా నేర్చుకున్నాను కదా మరి.

మూడోనాడు తెల్లవారుతూనే ఆ పిల్లకి వచ్చింది. నేను తాడు చుట్టుకుంటూ కొట్టంలోకి వెళ్లేసరికి అప్పటికే కళ్లు లోపలికి పోయి ఉన్నాయి. వేళ్ల చివర్లు రోజంతా బట్టలుతికిన చేతుల్లా ముడతలు పడ్డాయి. తల్లి దాని తల ఒళ్లో పెట్టుకుని గిన్నెతో నీళ్లు పోస్తోంది. పోసినవి పోసినట్టే బయటికి వస్తున్నాయి.

"ఇయ్యాల ఎవరి బావి?" అంది ఆ పిల్ల నన్ను చూసి. గొంతు బొంగురుపోయి వేరే ఎవరిదోలా ఉంది.

"కోనేటి వీధిలో నాలుగు," అన్నాను.

"ఆగు. నేనొస్త," అంది.

నేను పరిగెత్తుకుంటూ వెళ్లి, ఊళ్లోనే మకాం వేసి ఉన్న ఇన్‌స్పెక్టరుని పిలుచుకొచ్చాను. బండి మీద వేసి, స్కూల్లో ఒక గది ఖాళీ చేయించి పెట్టిన ఆస్పత్రికి తీసుకెళ్లారు. అక్కడ నరంలోకి ఉప్పునీళ్లు ఎక్కించే సీసా ఒక్కటే ఉంది, దానికోసం ముందే ముగ్గురు కాచుకుని ఉన్నారు. దాని వంతు వచ్చేసరికి నరం దొరకలేదు. మధ్యాహ్నం కాకముందే పోయింది. తల్లి అరవలేదు. దాని జుట్టుకున్న రిబ్బను విప్పి, మడిచి, రొంటిన దోపుకుంది. ఆ రిబ్బను నాదే, నేనే ఇచ్చాను.

నేను ఇంటికి వచ్చి, డబ్బాలో మిగిలిన మందంతా బాల్చీలో కలిపి బావిలో కుమ్మరించాను. నడిమధ్యాహ్నం, అందరూ చూస్తుండగా. నాయనమ్మ గబగబా వచ్చింది. బావిలోకి చూసింది. నీళ్లు గులాబీ రంగు కాదు, వంకాయ రంగులో నల్లగా ఉన్నాయి. తర్వాత గట్టు మీది గీతలు చూసింది, తర్వాత నన్ను చూసింది. ఇన్నాళ్లూ రంగులేని నీళ్లు తాగిన మనిషికి ఎవరూ వివరించనక్కర్లేదు.

"నా కోసమా?" అంది.

నేను తలూపాను.

ఆమె అక్కడే, తడి నేల మీద కూలబడింది. లేచి నా భుజం పట్టుకుంది. "మీ నాన్నకి చెప్పకు. ఎవరికీ చెప్పకు. ఇది నాతోనే పోనీ," అంది. నేరుగా దుకాణం అరుగు మీదికి వెళ్లి, వరసగా ఉన్న కుండలన్నీ తన చేత్తోనే వీధిలోకి ఒంపేసింది. జనం ఆమెకి మతిపోయిందనుకున్నారు. ఆ రోజు నుంచి మా బావి నీళ్లు ఏ రంగులో ఉన్నా మారుమాట లేకుండా తాగింది, ఆ నీళ్లతోనే దేవుడికి స్నానం చేయించింది. తర్వాత బతికిన ఎనిమిదేళ్లూ చలివేంద్రం మాటెత్తలేదు. నన్ను ఒక్కసారి తిట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లో అనుకున్నాను.

మా సందులో ఆ వారం ఏడుగురు పోయారు. మిగిలిన వీధుల్లో, మందు నిజంగా పడిన బావుల దగ్గర, జబ్బు దాదాపు రాలేదు. ఇన్‌స్పెక్టరు స్కూల్లో నిలబడి ఆ సంగతే చెప్పాడు. పిల్లల చేతి పని వల్ల ఊరు మిగిలిందన్నాడు. అది అబద్ధం కూడా కాదు, అదే నాకు ఇంకా బాధ. ఆ పని మంచిదే, మేం నేర్చుకున్నదీ మంచిదే. నేను ఒక్క చోట చెయ్యకపోతే ఏమైందో అదే దాని విలువ.

వానలు మొదలయ్యాక నన్ను నందిగామలో మేనత్తగారింటికి పంపేశారు. చదువు కూడా అక్కడే అన్నారు. అవతలి నుంచి వచ్చినవాళ్లలో చాలామందిని కూడా నందిగామ పక్క తోటలో పాకలు వేసి ఉంచారు. దసరా దగ్గరపడుతుండగా అవతల గొడవలు సద్దుమణిగాయనీ, జనం తిరిగి ఊళ్లకి పోతున్నారనీ తెలిసింది. అత్తయ్య విస్తళ్ల కోసం నన్ను ఆ పాకల దగ్గరికి పంపితే, అక్కడ విస్తళ్లు కుడుతూ ఆ పిల్ల తల్లి కనిపించింది.

నన్ను చూసి మొహం విప్పారింది. పక్కన పీట వేసింది. భర్త బతికే ఉన్నాడట, వారం కిందట వచ్చాడట. ఆ మధ్యాహ్నమే బండి కట్టుకుని పోతున్నారు. ఆయన బండి దగ్గర ఎద్దులకి గడ్డి వేస్తున్నాడు. పిల్ల సంగతి విని మూడు రోజులు పాక దాటి బయటికి రాలేదని చెప్పింది.

"ఏం చేస్తం బిడ్డా. దానికి అంతే రాసిపెట్టున్నది," అంది, పుల్ల గుచ్చుతూ. "నేను చేసేదంతా చేసిన. అదొక్కటే నాకు నిమ్మళం. చెలమ నీళ్లు ముట్టనియ్యలే. మీ ఇంటి నీళ్లే పోసిన."

అంత నెమ్మదిగా అంది. ఆ నెమ్మది చూసి నేను ఓర్చుకోలేకపోయాను. ఐదు నెలలుగా నాకు తిండి సయించడంలేదు, నిద్రలో ఉలిక్కిపడి లేస్తున్నాను. ఈమె వెళ్లిపోతే ఇక చెప్పుకునేందుకు ఎవరూ ఉండరు. చెప్పి కాళ్లు పట్టుకుంటే, కొట్టనీ, తిట్టనీ, ఏదో ఒకటి తేలిపోతుందనిపించింది. నిజం చెప్పడం మంచిపనేనని పుస్తకాల్లో కూడా చదువుకున్నాను.

"అత్తా, మా బావిలో నేను మందు వెయ్యలేదు," అన్నాను. "మా నాయనమ్మ తాగడంలేదని మానేశా. ఊరికే గీతలు గీసా. ఇన్‌స్పెక్టరుతో కూడా అబద్ధం చెప్పా."

ఆమె చేతిలో ఆకు అలాగే ఉండిపోయింది.

"ఏ దినం నుంచి?"

"రెండో గీత నుంచి."

ఆమె ఏదో లెక్క వేసుకుంటున్నట్టు నేల వైపు చూసింది. కోపం వస్తుందని ఎదురుచూశాను. రాలేదు.

"ముందునాడు రాత్రి అది తాగనన్నది," అంది. "దూప లేదమ్మా, వద్దమ్మా అన్నది. ఎండన పడి తిరిగినవు, తాగకపోతే వడదెబ్బ తగులతదని తల పట్టుకొని నేనే తాపిచ్చిన. రెండు చెంబులు. మంచి నీళ్లు, తాగు బిడ్డా అని చెప్పి తాపిచ్చిన."

నాకు అప్పుడు అర్థమైంది, నేను చేసింది ఏమిటో. ఆమె కాళ్లు పట్టుకోబోయాను. ఆమె కాళ్లు వెనక్కి లాక్కుంది.

"ఎందుకు చెప్పినవ్ బిడ్డా?" అంది. నిజంగానే తెలియక అడిగినట్టు అడిగింది. నా దగ్గర ఉన్న జవాబు పైకి చెప్పగలిగేది కాదు.

బండి దగ్గర నుంచి భర్త పిలిచాడు. ఇద్దరి మొహాలూ చూసి దగ్గరికి వచ్చాడు. "ఏమైంది? ఎందుకేడుస్తున్నరు?" అన్నాడు.

ఆమె కొంగుతో మొహం తుడుచుకుంది. "ఏం లేదు. పిల్ల సోపతి గదా, యాదికొచ్చి ఏడుస్తున్నది," అంది. ఆయన నా తల మీద చెయ్యి వేసి, "ఏడ్వకు బిడ్డా," అన్నాడు. ఆమె వచ్చి బండెక్కింది. ఆయన వైపు కాకుండా వెనక్కి తిరిగి, కాళ్లు వేలాడేసుకుని కూర్చుంది. బండి రోడ్డు మలుపు తిరిగేదాకా ఆమె ఒళ్లో చేతులు చూసుకుంటూనే ఉంది.

నేను విస్తళ్ల కట్ట తీసుకుని ఇంటికి వచ్చాను. అత్తయ్య అన్నం పెట్టింది. ఐదు నెలల తర్వాత ఆ రోజు నేను కడుపునిండా తిన్నాను, ఆ రాత్రి మెలకువ రాకుండా పడుకున్నాను.